మూత తీసిన ట్యాంకు

బ్లోయర్‌ను ట్రాలీ ఆటోలోకి ఎక్కించి తాడు బిగిస్తుండగా స్వప్న ఫోన్ మోగింది. గ్యాస్ ప్లాంటులో పెండ ఎత్తే బస్వమ్మ.

"మేడం, ఏడున్నవ్?"

"జహీరాబాద్‌లనే అక్కా. బయల్దేరుతున్నం. ఏమైంది?"

"మూత తీసిన్రు."

స్వప్న చేతిలోంచి తాడు జారిపోయింది. "ట్యాంకు మూతా? ఎవరు తియ్యమన్నరు?"

"ఇంకెవరు, పటేలే. నువ్వు ఇట్ల పోయినవో లేదో అట్ల తీపిచ్చిండు. మా ఆయన్ని దిగుమంటుండు. ఈయన నడుముకు తాడు కట్టుకుంటుండు. జల్ది రా తల్లీ."

స్వప్నకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఈ ఉదయం పటేల్ జగన్‌మోహన్ ఎన్నడూ లేనంత మర్యాదగా మాట్లాడాడు. "బ్లోయర్ కావాలన్నవ్ గద స్వప్నా, నువ్వే స్వయంగా పోయి చూసుకొని తీసుకురా" అన్నాడు. వారం నుంచి అడుగుతున్న యంత్రం ఇవాళే ఎందుకు గుర్తుకొచ్చిందో ఆమె ఆలోచించలేదు. అది బ్లోయర్ కోసం పంపడం కాదు. అడ్డు తొలగించడం.

"వెస్లీ అన్నా, బండి తియ్యి. ఎంత జోరుగా పోతే అంత."

"నా బండికి రెండే గుణాలమ్మా. మెల్లగ పోతది, లేకుంటే ఆగిపోతది" అంటూనే వెస్లీ ఆటోను రోడ్డెక్కించాడు. స్వప్న ముఖం చూశాక మళ్ళీ జోకు వేయలేదు.

ఝరాసంగం రోడ్డులో ఊరి బయట ఉన్న ఆ గ్యాస్ ప్లాంటు జగన్‌మోహన్‌ది. నడిపేది స్వప్న. రాయికోడ్ పిల్ల, డిగ్రీ చేసి ఈ పనిలో శిక్షణ పొంది వచ్చింది. పశువుల పెండ, చెరుకు ఆకు, కుళ్ళిన అల్లం, పొలాల్లో మిగిలిన చెత్త అన్నీ నీళ్ళతో కలిపి, గాలి చొరబడని పెద్ద కాంక్రీటు ట్యాంకులో కుళ్ళబెడతారు. పుట్టిన గ్యాస్ పైపుల్లోంచి ఊళ్ళో పొయ్యిలకు పోతుంది. మిగిలిన పెండనీళ్ళు పొలాలకు పోతాయి. నిరుటి దాకా అంతా సవ్యంగానే నడిచింది.

చెరుకు కోతల్లో ఆకు నరికే మిషన్ చెడిపోయింది. "నరకకుండ ట్యాంకులో వెయ్యొద్దు సార్, పైకి తేలి చాపలెక్క అల్లుకుంటది, గ్యాస్ పైకి రాదు" అని స్వప్న చెప్పింది. జగన్‌మోహన్ వినలేదు. ట్రాక్టర్లకు ట్రాక్టర్లు ఆకు అలాగే కుమ్మరించాడు. స్వప్న చెప్పినట్టే జరిగింది. ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి. చివరికి ట్యాంకు ఖాళీ చేయక తప్పలేదు. నీళ్ళన్నీ పంపుతో తోడేశారు. అడుగున బురద, దానిమీద పడుకున్న ఆకు చాప మిగిలాయి. మూత తీశాక రోజుల తరబడి బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టాలి. ఆ తర్వాతే, ఆక్సిజన్ మాస్కులున్న మనుషులు హైదరాబాద్ నుంచి వచ్చి దిగాలి. ఇది స్వప్న పెట్టిన షరతు. జగన్‌మోహన్ తల ఊపాడు కూడా.

ఇంతలో హైదరాబాద్ నుంచి, ప్లాంటుకు పెట్టుబడి పెట్టిన కంపెనీ పెద్దలు వస్తామన్నారు. రేపే. వాళ్ళ చేతులతో ఖాళీ ట్యాంకులో మొదటి గంప పెండ వేయించాలని, పూజ చేయించాలని, ఫొటోలు తీయించాలని జగన్‌మోహన్ ముచ్చట. షామియానా నిన్ననే వేశారు. బస్వమ్మ మొగుడు గుండయ్య బావుల్లో పూడిక తీసేవాడు.

ఫొటో కోసం మనిషిని దింపుతున్నాడు!

స్వప్న జగన్‌మోహన్‌కు ఫోన్ చేసింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్. మరోసారి చేస్తే ఎత్తాడు.

"ఏంది స్వప్నా, ఊకె చేస్తవ్?"

"సార్, గుండయ్య కాకను దింపకున్రి. చచ్చిపోతడు."

"గుండయ్య దిగని బాయి ఈ చుట్టుపక్కల ఉన్నదా? వాళ్ళ తాత కాడి నుంచి అదే పని. నువ్వు పుస్తకాలు చదివి భయపడుతున్నవ్. నువ్వొచ్చేసరికి పని ఒడుస్తది."

ఫోన్ పెట్టేశాడు.

ముందు ఒక పొడవాటి లారీ కొత్త ట్రాక్టర్లను మోసుకుంటూ నిమ్మళంగా పోతోంది. దాని పక్కన చెరుకు బండి. వెస్లీ హారన్ మీద నుంచి చేయి తీయకుండా ఆటోను రెండింటి మధ్య సందులోకి దూర్చాడు. చెరుకు గడలు ఆటో టాపును గీరుకుంటూ పోయాయి. బండిలో ఉన్నవాడు వీళ్ళ ఏడు తరాలను తిట్టాడు.

స్వప్న బస్వమ్మకు ఫోన్ కలిపింది. "అక్కా, దిగిండా?"

"ఇంక లేదు. కందిలి తెచ్చుకున్నడు."

"లాంతరా? ఎందుకు?"

"ఎందుకేంది? ఏ బాయిల దిగినా ముందుగాల కందిలి దింపుతరు గద. దీపం ఆరితే చెడు గాలి ఉన్నట్టు. ఆరకుంటే మంచిగున్నట్టు. ఇప్పుడు వత్తి సరిచేస్తుండు."

ఇంతసేపూ స్వప్న ఒక చావు గురించే, విషగాలి గురించే, ఆలోచించింది. ఇది రెండోది.

"అక్కా! అంటియ్యనియ్యకు! ఆ గ్యాస్ అంటుకుంటది. నువ్వు పొయ్యిల వెలిగించే గ్యాసే అది. అగ్గిపెట్టె గుంజుకో!"

అవతల పెనుగులాట వినిపించింది. గుండయ్య గొంతు, "ఏందే, పిచ్చి లేసిందా?" అని. తర్వాత బస్వమ్మ రొప్పుతూ, "పెండ గుంతల ఇసిరేసిన" అంది.

"శబాష్. నేనొచ్చేదాకా..."

"అయ్యో, పటేల్ జేబుల కెళ్ళి లైటర్ తీసి ఇస్తుండు!"

ఫోన్ తెగిపోయింది.

ఆటో ప్లాంటు గేటు దగ్గర ఇంకా ఆగకముందే స్వప్న దూకింది. జగన్‌మోహన్ దూరంగా, గాలి వచ్చే వైపు, షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ట్యాంకు చుట్టూ కూలీలు. మధ్యలో నోరు తెరుచుకున్న మ్యాన్‌హోల్. దానికి ఇవతల గుండయ్య, వెలుగుతున్న లాంతరుకు తాడు ముడి వేస్తున్నాడు.

అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తాడేమో. స్వప్న అరవలేదు. పరుగెత్తి వెళ్ళి లాంతరు పిడి పట్టి లాక్కుంది. ఆగకుండా అలాగే ట్యాంకుకు దూరంగా పరుగెత్తి, పశువుల నీళ్ళ తొట్టిలో ముంచేసింది. బుస్సుమంది. వేడెక్కిన అద్దం పటపట పగిలింది.

గుండయ్య ముఖం నల్లబడింది.

"మా నాయన కందిలి అది. ముప్పై ఏండ్ల సంది నన్ను ప్రాణంతోని బయటికి తెస్తున్నది. దండం పెట్టకుండ ముట్టుకోను నేను. ఆడపిల్లవని ఊకుంటున్న మేడం, లేకుంటే..."

"లేకుంటే ఏం చేస్తవ్? కొడతవా? కొట్టు. బతికుండి కొట్టు."

"దీపం ఆరితే దిగం. ఆరకుంటే దిగుతం. గంతే. నువ్వు పుట్టక ముందు కెళ్ళి చేస్తున్న పని ఇది."

"బాయిల చేసినవ్ కాకా! ఇది బాయి కాదు!" అంది స్వప్న. "బాయిల గాలి చెడితే దీపం ఆరుతది, నిజమే. దీంట్ల ఉన్నది ఊరంత అన్నం వండుకున్న గ్యాస్. దాంట్లకు మంట దింపుతవా? నువ్వు, నీ చుట్టున్న వీళ్ళు, ఈ షామియానా, ఏం మిగలకపోయేది."

కూలీల్లో ఒకడు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒకవేళ అంటుకోలేదనుకో. అది ఇంకా పెద్ద మోసం. పెండ కుళ్ళినప్పుడు ఇంకో గ్యాస్ కూడ పుడతది. అది కొంచెమున్నా చాలు, మనిషి పడిపోతడు. దీపం మాత్రం మంచిగ మండుతనే ఉంటది. నీ కందిలి 'దిగు' అని చెప్తది, నువ్వు దిగుతవ్, మళ్ళ ఎక్కవు."

గుండయ్య మూతి బిగించాడు. "పొద్దున మూత తీసినప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమన్నది. ఇప్పుడు లేదు. పోయింది గాలి."

"నీకు రాదు. పొద్దటి సంది ఇక్కడనే నిలబడి పీలుస్తున్నవ్. నీ ముక్కు మొద్దుబారింది. వెస్లీ అన్నా, ఇటు రా."

వెస్లీ దగ్గరికి రాబోయి, ఆగి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఏసయ్యా! గిదేం కంపు? నాలుగు గంపల గుడ్లు మురిగినట్టున్నది."

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళెవరికీ ఏ వాసనా తెలియడం లేదు.

షామియానా కింద నుంచి జగన్‌మోహన్ నవ్వాడు. "పెండ కాడ అత్తరు వాసన వస్తదా వెస్లీ? ఓ గుండయ్యా, పొద్దెక్కుతుంది. కందిలి లేకుంటే మాయె, దిగు. తాడు నలుగురు పట్టుకుంటరు. జర తల తిరిగినట్టు అనిపిస్తే తాడు ఊపు, గుంజుతరు."

"తల తిరగదు సార్" అంది స్వప్న. "ఒక్క శ్వాస పీలుస్తడు, కూలిపోతడు. తాడు ఊపేది ఎవరు? ఆ ఆకు చాపల ఇరుక్కుంటే వీళ్ళు గుంజలేరు. అప్పుడు ఆయన్ని తీస్తనని ఇంకొకడు దిగుతడు. వాడు కూడ పడతడు. ఇట్లనే పోతరు అందరు. మీరు మాత్రం కుర్చీ ఎందుకు అంత దూరం ఏసుకున్నరు? ఇక్కడ ఏసుకోన్రి."

జగన్‌మోహన్ నవ్వు ఆగిపోయింది. "జీతం తీసుకునే పిల్లవి, జర సోయి తెచ్చుకొని మాట్లాడు. గుండయ్యా! దిగుతవా, లేక ఆడోళ్ళ మాటిని గాజులు తొడుక్కుంటవా?"

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. గుండయ్య నడుము తాడును మరోసారి బిగించి చూసుకున్నాడు. అతని ఇంట్లో ఎవరూ ఏనాడూ బావి ముందు నిలబడి వెనక్కి తిరగలేదు. తలపాగా విప్పి నీళ్ళలో తడిపి మూతికి చుట్టుకున్నాడు. మ్యాన్‌హోల్ అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేశాడు.

స్వప్న అతని చేయి పట్టుకుంది. అతను విదిలించాడు.

"ఆగు."

బస్వమ్మ. ఇంతసేపూ ఆమె అక్కడ లేదని ఎవరూ గమనించలేదు. పశువుల కొట్టం వైపు నుంచి వస్తోంది. చంకలో గోధుమరంగు కోడి, ఇంకో చేతిలో పెండ ఎత్తే గంప.

"కందిలి తాడియ్యి" అంది మొగుడితో.

"ఏం చేస్తవే?"

"నువ్వు పోయేకాడికి ముందు దీన్ని పంపుత. అది మంచిగ తిరిగొస్తే నువ్వు పో. నేనే దింపుత నిన్ను. ఎవ్వలు ఆపినా ఆగను."

కోడిని గంపలో పెట్టి పైన పాత వల కట్టి, గంపకు ఆ తాడు ముడేసింది. తాడు ఆమే పట్టుకుని ఆమే వదిలింది. ఊపిరి బిగబట్టి, ముఖం పక్కకు తిప్పుకుని వదిలింది. కోడి కొక్కొక్కో అంటూ రెక్కలు కొట్టుకుంటూ చీకట్లోకి దిగింది. అరుపు లోపల మోగింది. ఇంకాస్త దిగింది. అరుపు తెగిపోయింది. తగ్గి తగ్గి ఆగడం కాదు. కత్తితో కోసినట్టు తెగింది.

బస్వమ్మ గబగబా తాడు లాగింది. గంప పైకొచ్చింది. వల తీసి కోడిని కాళ్ళు పట్టుకుని ఎత్తింది. మెడ తడిగుడ్డలా వేలాడింది.

గుండయ్య కాళ్ళు ఇంకా మ్యాన్‌హోల్‌లోనే ఉన్నాయి. అతను కోడిని చూశాడు. తన కాళ్ళను చూసుకున్నాడు. మెల్లగా, కింద పాము ఉన్నట్టు, ఒక్కొక్క కాలూ బయటికి లాక్కున్నాడు.

"కోడి ప్రాణమెంత?" అన్నాడు జగన్‌మోహన్. గొంతులో మునుపటి బలం లేదు, అయినా అన్నాడు. "పిట్టంత ఊపిరి. మనిషికి ఏం కాదు. గుండయ్యా, నువ్వు..."

బస్వమ్మ కోడిని కిందపడేసింది. మొగుడి నడుముకున్న ముడిని పళ్ళతో లాగి విప్పింది. తాడు కొన పట్టుకుని నేరుగా షామియానా కిందికి నడిచింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు జగన్‌మోహన్ ముందు చెప్పులు విడిచి నిలబడతారు. ఆమె చెప్పులతోనే వెళ్ళింది.

"మీరు దిగున్రి పటేలా."

"ఏందే?"

"మనిషికి ఏం కాదన్నరు గద. మీరు మనిషే గద. దిగున్రి. నేను పట్టుకుంట తాడు. మీకు జర తల తిరిగితే ఊపున్రి."

"బస్వమ్మా, హద్దుల ఉండు!"

"హద్దుల ఉండే గదా మేం మునుగుతున్నది? మీ ఇంట్ల లగ్గమైతే హద్దుల నిలబడ్డం. మీ బాయిల పూడిక తీస్తే హద్దుల నిలబడ్డం. ఇయ్యాల ఫొటో దిగనీకె నా మొగడు చావాలె, గా హద్దు ఎవడు గీసిండు? చెప్పు! లే! దిగు!"

'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఆమె ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు. తాడు అతని ఒళ్ళో విసిరింది. పెండ అంటిన తాడు తెల్ల చొక్కా మీద పొడవుగా గీత గీసింది.

జగన్‌మోహన్ లేచి నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. ఎవడో ఒకడు ఆమెను వెనక్కి లాగుతాడని చూశాడు. ఒక్కడూ కదల్లేదు. తాడును దులిపేసుకుని, "మీరు లేకుంటే పని ఆగుతదా? బీదర్ కెళ్ళి మనుషులను పిలిపిస్త. చూస్తుండున్రి" అంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

స్వప్న ఒక్క నిమిషం వృథా చేయలేదు. బ్లోయర్ మోటారును ట్యాంకుకు దూరంగా పెట్టించి, పొడుగు గొట్టాన్ని మ్యాన్‌హోల్‌లోకి వదిలింది. వెస్లీ మోటారు ఆన్ చేశాడు. కూలీలను గాలి వచ్చే వైపు కూర్చోమంది. చుట్టుపక్కల బీడీ ముట్టించిన వాడి చేయి విరుస్తానంది. గుండయ్య మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. స్వప్న మంచినీళ్ళిస్తే తీసుకోలేదు.

మధ్యాహ్నం బీదర్ నుంచి మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. సెప్టిక్ ట్యాంకులు కడిగేవాళ్ళు. ముందున్నవాడి పేరు మంజునాథ్, వెనక అతని తమ్ముడు. వాళ్ళ వెనకే జగన్‌మోహన్ కారు.

స్వప్న ఎదురెళ్ళింది. "అన్నా, ఆగున్రి. లోపల విషగాలి ఉన్నది. ఒక్కరు కూడ దిగొద్దు."

మంజునాథ్‌కు తెలుగు అంతంత మాత్రమే. ఆమె ముఖంలోని కోపం తన మీదేమో అనుకుని యజమాని వైపు చూశాడు.

"ఆ పిల్ల మాట పట్టించుకోకు" అని చేతితో సైగ చేస్తూ అన్నాడు జగన్‌మోహన్. "వీళ్ళకు పని చేసుడు ఇష్టం లేదు. చూస్తలేవా, బ్లోయర్ కూడ పెట్టినం. గాలి మంచిగున్నది. దిగున్రి."

మంజునాథ్ చొక్కా విప్పి తమ్ముడికిచ్చాడు. బ్లోయర్ గొట్టం తీసి పక్కన పెట్టడానికి వంగాడు.

గుండయ్య లేచాడు. పెద్ద పెద్ద అంగలతో వచ్చి మంజునాథ్ భుజం పట్టి వెనక్కి తోశాడు. వాడు తూలి పడబోయి, కోపంగా పిడికిలి ఎత్తాడు.

"ఇళీబ్యాడ తమ్మా! ఒళగ సావు ఐతి!" అన్నాడు గుండయ్య.

దిగొద్దు తమ్ముడూ, లోపల చావుంది. సరిహద్దు అవతలి బావుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి నేర్చుకున్న కన్నడం అది. ఆ తర్వాత మిగతాదంతా ఆ భాషలోనే చెప్పాడు. తన కాళ్ళు ఎక్కడ దాకా లోపలికి పోయాయో తొడ మీద గీత గీసి చూపించాడు. చచ్చిన కోడిని తెచ్చి మంజునాథ్ చేతుల్లో పెట్టాడు. నేను మూడు తరాల బావుల వాణ్ణి, నాకే తెలియలేదు, నీకెట్లా తెలుస్తుంది అన్నాడు.

మంజునాథ్ కోడి మెడను వేళ్ళతో అటూ ఇటూ ఊపి చూశాడు. పిడికిలి ఎప్పుడో విప్పేశాడు. తమ్ముడి చేతిలోంచి చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. జగన్‌మోహన్ వైపు తిరిగి కన్నడంలో ఏదో అన్నాడు. అది ఎవరికీ అనువాదం చేయాల్సిన అవసరం రాలేదు. మోటార్ సైకిల్ వెళ్ళిపోయింది.

"రేపు వాళ్ళొస్తే నేనేం చూపియ్యాలెరా?" అని అరిచాడు జగన్‌మోహన్.

"ఆ కోడిని చూపియ్యి" అన్నాడు గుండయ్య. "నేనైతే గీడనే ఉంట. ఇంకెవన్ని తెస్తవో తే."

మ్యాన్‌హోల్ మీంచి వచ్చే గాలి తగలని దిక్కున, స్వప్న గీసి చూపించిన చోట, కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. కూలీలు ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు. జగన్‌మోహన్ షామియానా వాళ్ళకు ఫోన్ చేసి గుడ్డ విప్పుకుని పొమ్మని తిట్టి, వెళ్ళిపోయాడు.

అప్పుడు వచ్చింది బస్వమ్మ. చేతిలో జొన్నరొట్టెల మూట. మొగుడి ముందు పెట్టింది. అతను మూట విప్పబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"వాడు దిగుమన్నడు సరే. నువ్వెందుకు దిగబోయినవ్?"

గుండయ్య చేయి వెనక్కి తీసుకున్నాడు.

"గాజులన్నడని దిగుతవా? ఇన్నేండ్లు గాజులేసుకొనే నేను పెండ ఎత్తుతలేనా? నా చెయ్యి ఏమన్న విరిగిందా? మేడం చెప్తుంటె వినవ్. నేను చెప్తె వినవ్. కోడి చస్తె గని వినవ్. నీకు నా మీద కంటె ఆ పటేల్ నోటి మీద ఎక్కువ నమ్మకమా? చెప్పు!"

కూలీలు నేల చూపులు చూస్తున్నారు. స్వప్న బ్లోయర్ దగ్గర నిలబడి వినపడనట్టు గొట్టం సర్దుతోంది.

"నీయవ్వ, కాళ్ళు లోపల ఏసినవ్ గదా! రెండు కాళ్ళు! నేను సూడలేదనుకున్నవా?"

ఆమె తిడుతూనే ఉంది. తిడుతూ తిడుతూ అతని పక్కనే కూలబడింది. అతని మోకాలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పట్టుకుని మళ్ళీ తిట్టింది. గుండయ్య అక్కడి నుంచి లేవలేదు.